బరికి దొరికిన నేల నడకకు దొరకదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ముక్కనుమ వెళ్ళిపోయింది, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన పిల్లలంతా బస్సులెక్కి వెళ్ళిపోయారు, కోనసీమ మళ్ళీ మామూలు రోజుల్లో పడింది కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలనిపించింది. నేను ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లల్ని పరుగులు పెట్టించడం నా ఉద్యోగం. కానీ ఇప్పుడు రాస్తున్నది వాళ్ళ అమ్మానాన్నల గురించి, అమ్మమ్మ తాతయ్యల గురించి, పండగ ముందు దాకా చక్కగా వాకింగ్ చేసి, పండక్కి ఆపి, మళ్ళీ మొదలుపెట్టలేక అలాగే ఉండిపోతున్న వాళ్ళందరి గురించి.

ముందే చెప్పేస్తున్నాను, పండగ తిండిని నేను ఒక్క మాట కూడా అనను. సంక్రాంతికి బూరెలు, పులిహోర, కనుమకి గారెలు, నాటుకోడి పులుసు లేకపోతే అది పండగేమిటి? ఇంటికొచ్చిన కొత్తల్లుడికి ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా పెట్టకుండా పంపే అత్తగారు మన దగ్గర ఎక్కడుంది? అత్తయ్య గారు చేత్తో పెట్టిన అరిసెను వద్దని కంచం పక్కకి జరుపుకునే మనిషి కంటే, సంతోషంగా తిని మూడో రోజు పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి నడిచే మనిషే ఎక్కువ ఆరోగ్యంగా ఉంటాడని నా గట్టి నమ్మకం. నా బాధంతా ఆ చెప్పులేసుకోవడం దగ్గరే.

ఏటా ఇదే వరస. మా వీధిలో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళం ఒక జట్టుగా ఉంటాం. ధనుర్మాసం మొదలై ముగ్గులు, పిండి పట్టించుకోవడం, పాకం పట్టడం మీద పడగానే ఒక్కొక్కరే తగ్గిపోతారు. అది సహజం, ఇంటెడు పని పెట్టుకుని ఎవరు మాత్రం వస్తారు. పండగ అయ్యాక అడిగితే "రథసప్తమి వెళ్ళనివ్వండి టీచర్ గారూ" అంటారు, తర్వాత అంతర్వేది తీర్థం, మాఘమాసం పెళ్ళిళ్ళు, శివరాత్రి, పిల్లల పరీక్షలు, ఆవకాయ, చివరికి ఎండలు. ఎండల్లో ఎలాగూ నడవలేరు. ఇలా జనవరిలో ఆగిన నడక జూన్ దాకా కదలదు, అప్పుడు వానలు.

ఈ విషయం మీద అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2000 సంవత్సరంలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నవంబరు నుంచి జనవరి దాకా సాగే వాళ్ళ పండగల్లో పెద్దవాళ్ళ బరువు తూచి చూస్తే, సగటున అరకిలో కూడా పెరగలేదు. వినడానికి ఎంత హాయిగా ఉంది! కానీ ఆ పెరిగిన కాస్తా తర్వాత నెలల్లో తగ్గలేదు, అలాగే ఉండిపోయింది. అంటే ఏటా కొంచెం కొంచెం పేరుకుంటూ పోయి, పదేళ్ళు తిరిగేసరికి పెళ్ళినాటి ఫొటో చూసి "ఇది నేనేనా" అనుకునే పరిస్థితి వస్తుందన్నమాట. వాళ్ళ పండగ వేరు, మన పండగ వేరు, తిండీ వేరు, కానీ ఆగిన అలవాటు మళ్ళీ మొదలవకపోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఇంకో సంగతి కూడా తెలియాలి. పండగైన మర్నాడు మెడికల్ షాపు ముందున్న మిషన్ ఎక్కి, రెండు కిలోలు పెరిగామని గుండెలు బాదుకునేవాళ్ళని చూస్తుంటాను. ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. పిండిపదార్థం, తీపి ఎక్కువగా తిన్నప్పుడు ఒళ్ళు దాన్ని గ్లైకోజెన్ రూపంలో కండల్లో, కాలేయంలో దాచుకుంటుంది, గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళూ నిలుస్తాయి. దానికి తోడు పచ్చళ్ళు, జంతికలు, మసాలా కూరల్లోని ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు తిండికి, మామూలు నడకకి తిరిగొస్తే అందులో చాలా భాగం వారం పది రోజుల్లో దిగిపోతుంది. కాబట్టి ఈ వారం మిషన్ ఎక్కొద్దు. కుట్టుపెట్టెలో టేపుంటే బొడ్డు దగ్గర చుట్టుకొలత చూసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మన దేశం వాళ్ళకి మగవాళ్ళకైతే 90, ఆడవాళ్ళకైతే 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెబుతారు. నెల తర్వాత మళ్ళీ చూసుకుంటే చాలు.

ఇక మొదలుపెట్టే పద్ధతి. మన వాళ్ళలో రెండు రకాల తొందర కనబడుతుంది, రెండూ నాకు భయమే. ఒకరు "రేపట్నుంచి అన్నం బంద్, పొద్దున్న నిమ్మకాయ నీళ్ళు, రాత్రి ఏమీ లేదు" అని ఒట్టేసుకుంటారు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ పూట తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా. కాబట్టి డాక్టర్‌ని అడగకుండా షుగర్ ఉన్నవాళ్ళు ఉపవాసాలు మొదలుపెట్టొద్దని దండం పెట్టి చెబుతున్నాను. ఇంకొకరు కుర్రాళ్ళు, పండగ ఆఫర్ అని జిమ్‌లో ఏడాదికి డబ్బు కట్టేసి, మొదటి రోజే పండగ ముందు ఎత్తిన బరువులన్నీ ఎత్తేస్తారు. రెండో రోజుకి తొడలు, భుజాలు పట్టేసి మెట్లు దిగలేరు, నాలుగో రోజుకి జిమ్ మానేస్తారు.

ఆటలాడే పిల్లలకి నేను చెప్పేదే మీకూ చెబుతాను. రెండు మూడు వారాలు ఆపినంత మాత్రాన కండ బలం పెద్దగా పోదు, కానీ ఆయాసం రాకుండా పరుగెత్తే శక్తి మాత్రం రెండు వారాలకే తగ్గడం మొదలవుతుంది. అందుకే కాళ్ళు సరేనన్నా ఊపిరి అందదు. మొదటి వారం పండగ ముందు చేసిన దాంట్లో సగమే చేయండి. నలభై నిమిషాలు నడిచేవాళ్ళు ఇరవైతో ఆపేయండి, ఇంకా నడవగలం అనిపించినా సరే ఆపేయండి, ఆ అనిపించడమే మర్నాడు మిమ్మల్ని మళ్ళీ గుమ్మం దాటిస్తుంది. తర్వాత వారానికి కాస్త కాస్త పెంచుకుంటూ పోతే నెల తిరిగేసరికి పాత దారిలో పడతారు. నడుస్తున్నప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం ఎంతుండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు. గుండెలో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా అక్కడే కూర్చుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, "గ్యాసేలే" అనుకోకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పే వ్యాయామం ఉండాలంటుంది. ఆ రెండోది మన వాళ్ళు అసలు పట్టించుకోరు, ముఖ్యంగా ఆడవాళ్ళు. దానికి జిమ్ అక్కర్లేదు. చేతులు లేని కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు వంచి ముందుకి ఒరిగి వెనక్కి రండి. మోకాళ్ళు బాగున్నవాళ్ళు కిటికీ ఊచ పట్టుకుని గుంజీలు తీయండి. అరవై దాటిన వాళ్ళకి ఇవి మరీ అవసరం, స్నానాల గదిలో జారి పడకుండా కాపాడేది ఆ తొడల బలమే.

తెల్లవారుజామున కుదరని వాళ్ళకి ఒక మంచి మార్గముంది. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు షుగర్ ఉన్నవాళ్ళ మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచిన దానికంటే, మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్ ఎక్కువగా తగ్గిందని తేలింది, రాత్రి భోజనం తర్వాత నడకకైతే ఆ తేడా ఇంకా బాగా కనబడింది. మన ఇళ్ళలో రాత్రి అన్నం తినగానే సీరియల్ ముందు కూర్చుంటాం. ఆ పది నిమిషాలు వాకిట్లోనే, తులసికోట నుంచి వీధి గుమ్మం దాకా తిరిగినా లెక్కే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించి, 2023లో వచ్చిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది, ఇంకో 15.3 శాతం మంది అంచున ఉన్నారు. రెండు పూటలా తెల్లన్నం తినే మన డెల్టాలో ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు.

పిండివంటల డబ్బాల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం నిండదు. పండగ మూడు రోజులూ తినేది అందరం, పండగయ్యాక తినేది మాత్రం ఆ ఇంటి ఇల్లాలే. పిల్లలు వెళ్ళిపోతారు, ఆయన ఒకటి తిని చాలంటారు, స్టీలు డబ్బా అడుగున అరిసెలు, విరిగిన జంతికలు, పొడైపోయిన సున్నుండలు మిగులుతాయి. పారేయడానికి మనసొప్పదు, కొత్తబియ్యం తడిపి, దంచి, పాకం ముదరకుండా చూసుకుని, నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కి చేసినవాయె. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా మూత తీసి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకోవడం, అలా ఫిబ్రవరి దాకా. అక్కచెల్లెళ్ళారా, ఆ డబ్బా ఇవాళే ఖాళీ చేయండి. పనిమనిషి పిల్లలకి, కొబ్బరి దింపు వాళ్ళకి, ఊడ్పులకొచ్చిన కూలీలకి ఇవ్వండి, ఒళ్ళొంచి కష్టపడేవాళ్ళు సంతోషంగా తింటారు. ఉంచుకునేవి ఉంచుకోండి, కానీ భోజనంతో పాటు కంచంలో పెట్టుకుని తినండి, నిలబడి తినొద్దు. బెల్లంతో చేసినవి కదా ఏం కాదులే అనుకోవడం కూడా సరికాదు, షుగర్ పెంచడంలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు.

అన్నం మానేయమని నేను చెప్పను. రెండో గరిటె అన్నం బదులు కూర ఇంకో గరిటె వేసుకోమంటాను. ఈ రోజుల్లో మన సంతల్లో చిక్కుడుకాయలు, గుమ్మడి, ముల్లంగి, ఆకుకూరలు ఎంత తాజాగా ఉంటాయో మీకు తెలియనిది కాదు. చేపలకైతే మనకి కొదవే లేదు, వేపుడు తగ్గించి పులుసు పెట్టుకుంటే సరిపోతుంది.

మన పండగలో తిండితో పాటు చెమట కూడా ఉండేదని గుర్తుచేయాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వెదురుతో, రంగుబట్టలతో ఎత్తుగా కట్టిన గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాలకెత్తుకుని కుర్రాళ్ళు చేలకడ్డంగా నడిచి, కౌశిక నది నీళ్ళలోకి దిగి అవతలి గట్టుకి ఎక్కిస్తుంటే చూసేవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది. దసరాకి అమలాపురం చెడీ తాలింఖానా చూడండి, కర్రలు, కత్తులు తిప్పే ఆ కుర్రాళ్ళు ఎన్ని సాయంత్రాలు సాధన చేస్తే అంత ఒడుపు వస్తుంది! రోకళ్ళతో పిండి దంచిన రోజుల్లో అరిసె తినేలోపే దానికి తగ్గ కష్టం ఒంటి మీద పడేది. ఇప్పుడు పిండి మరపట్టి తెచ్చుకుంటున్నాం, కోతలు యంత్రాలు కోస్తున్నాయి, చేను చూడ్డానికి రైతు గట్టు దాకా బండి మీదే వెళుతున్నాడు. నేను వాటిని వద్దనను, ఆడవాళ్ళ నడుములు విరిచిన పనులు పోవడం మంచిదే. ఆ పోయిన కష్టానికి బదులు ఏదో ఒకటి మనమే ఏర్పాటు చేసుకోవాలి అంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏర్పాటు చేసుకోవడానికి చోటెక్కడ?

మన ఊళ్ళ రోడ్లు మీరు చూస్తూనే ఉంటారు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను లేదా చెరువు, మధ్యలో ఒక లారీ పట్టేంత తారు. జనవరిలో ఏడింటి దాకా మంచు, ఎదురుగా ఏమొస్తోందో కనబడదు. ఇలాంటి దారిలో ఎడమవైపు నడిచి, వెనకనుంచి వచ్చే వాహనానికి వీపు అప్పజెబుతున్నారు చాలామంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపే నడవాలి, ఎదురొచ్చే బండి కనబడుతుంది. లేత రంగు బట్టలు వేసుకోవాలి. చెవుల్లో ఫోను పెట్టుకోకూడదు. ఇవన్నీ చెబుతూనే ఉంటాను, కానీ ఎంత చెప్పినా ఆడవాళ్ళకి చీకట్లో ఆ రోడ్డు మీద నడవాలంటే లారీలే కాదు, కుక్కలు, తాగి తిరిగేవాళ్ళు, ఎన్ని భయాలో. మగవాళ్ళు లాకుల దాకా వెళ్ళి టీ తాగి వస్తారు, ఆడవాళ్ళు డాబా మీద గుండ్రంగా తిరుగుతారు.

కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నుంచి వచ్చే మన కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో గట్ల మీద మనుషులు నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాగేవారు. మనుషులు అంత బరువు లాగుతూ నడిచిన గట్లు ఇవాళ చాలా చోట్ల ముళ్ళకంపలతో, చెత్తకుప్పలతో కాలు పెట్టడానికి లేకుండా ఉన్నాయి.

అదే పండగ మూడు రోజులూ చూడండి. కోడిపందేలు ఒప్పా తప్పా అన్నది వేరే ఉత్తరం రాయాల్సిన విషయం, ఇప్పుడక్కడికి పోను. కానీ ఒక బరి కోసం కొబ్బరితోటలో, ఖాళీ చేలో నేల చదును చేయిస్తారు, రోలర్ తిప్పిస్తారు, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిస్తారు, పగలులా లైట్లు పెట్టిస్తారు, కార్లకి దారి వేస్తారు, కుర్చీలు, తాగునీళ్ళు, అన్నీ వారం రోజుల్లో అయిపోతాయి. డబ్బెక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. నాలుగో రోజుకి లైట్లు తీసేస్తారు, నేల మీద పగిలిన సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, కోడి ఈకలు మిగులుతాయి. అంత పని వారంలో చేయగల ఊరు, అందులో పదో వంతు శ్రమతో ఊరి చివర ఒక నడక బాట చేసుకోలేదా? నాలుగు లైటు స్తంభాలు, గట్టిపరిచిన దారి, కూర్చోవడానికి రెండు సిమెంటు బల్లలు, ఇంతే కదా. పండగకి చందాలిచ్చిన పెద్దలు, అమెరికా నుంచి వచ్చి ఊరికి ఏదైనా చేస్తామనే పిల్లలు, వచ్చే ఏడాది ఆర్చీలకి, బ్యానర్లకి పెట్టే డబ్బులో కొంత దీనికివ్వాలని అడుగుతున్నాను.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. ఊరూరా బ్యానర్లు కట్టాం, నా విద్యార్థులు ఇప్పటికీ అతని పేరు చెప్పి రాకెట్లు అడుగుతారు. ఆటగాణ్ణి చూసి గర్వపడే ఊళ్ళలో ఆట స్థలం సంగతి అడిగితే మాత్రం అందరూ మండలం ఆఫీసు వైపు చూపిస్తారు.

మీ పత్రికకి నాదొక విన్నపం. కొత్తల్లుడి ముందు వంద రకాలు పెట్టిన ఫొటో ఏటా వేస్తారు, వేయండి, మాకూ చూడ్డానికి బాగుంటుంది. దాంతో పాటు ముక్కనుమ వెళ్ళిన వారం పాటు జిల్లా పేజీలో రోజూ ఒక చిన్న పెట్టె వేయండి, ఏ ఊళ్ళో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో, ఏ గట్టు బాగుచేశారో, ఏ పంచాయతీ లైట్లు వేసిందో. పేరు పేపర్లో పడితే మన సర్పంచులు కదులుతారు, అది మీకూ తెలుసు, మాకూ తెలుసు.

బాటలు వేయడానికి టైమ్ పడుతుంది, అప్పటిదాకా ఆగక్కర్లేకుండా రేపటి నుంచే చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఊళ్ళో బడి ఉంది, చాలా బళ్ళకి గ్రౌండు ఉంది, ప్రహరీ ఉంది, గేటు ఉంది. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా అది ఖాళీ. ఆ రెండు గంటలు ఆడవాళ్ళ నడకకి ఇస్తే లారీల భయం లేదు, కుక్కల భయం లేదు. అయితే గేటు తాళం ఎవరి దగ్గరుండాలి, ఏదైనా పోతే ఎవరు బాధ్యులు అన్న దగ్గర మాట ఆగిపోతోంది. హెడ్‌మాస్టర్ల భయం కూడా నిజమే, పంపు విరిగినా, మొక్క పీకినా రేపు సమాధానం చెప్పేది వాళ్ళే. అందుకని బడి పక్కన ఇల్లున్న ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు విద్యా కమిటీ తీర్మానంలో రాయించి, ఐదింటికి తీసి ఏడింటికి తాళం వేసే పూచీ వాళ్ళకి అప్పజెప్పమని అడుగుతున్నాను. మా ఊళ్ళో ఒక అంగన్‌వాడీ ఆయా, ఒక రిటైర్డ్ నర్సు గారు ఒప్పుకున్నారు, కాగితం రాసి కమిటీకి ఇచ్చాం, వచ్చే సమావేశంలో పెడతామన్నారు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.